ఇంట్లో చూసిన సినిమా గురించి నలుగురితో ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు బెంగళూరులో ఉంటారు, వారానికి రెండు మూడు సినిమాలు ఇంట్లోనే టీవీలో చూస్తారు. వాటి గురించి బంధువుల వాట్సాప్ గ్రూపులో రాయాలని ఉంటుంది. తీరా రాయబోతే "బాగుంది, సెకండాఫ్ కొంచెం ల్యాగ్" దగ్గరే ఆగిపోతోంది. ఒకసారి కాస్త గట్టిగా రాస్తే బాబాయిగారు నొచ్చుకున్నారు. టెక్నిక్ తెలియని మామూలు ప్రేక్షకుడికి అభిప్రాయం చెప్పే అర్హత ఉందా, ఉంటే ఎలా చెప్పాలి అని అడిగారు.

అర్హత గురించి బెంగ పెట్టుకోకండి. సినిమా తీసేదే మామూలు ప్రేక్షకుడి కోసం. ఎలా చెప్పాలంటే: సినిమా ఎలా ఉందో తేల్చేయకుండా, అందులో మీరేం చూశారో చెప్పండి. ఒక్క సన్నివేశం పట్టుకోండి. దాంతోపాటు ఆ సినిమాని ఎలా చూశారో కూడా చెప్పండి. ఒకే విడతలో చూశారా, మూడు ముక్కలుగా చూశారా, ఎవరితో కూర్చుని చూశారు, ఏ భాషలో చూశారు. ఈ రెండూ ఉంటే నాలుగు వాక్యాలు చాలు, చదివినవాళ్లకి అది పనికొస్తుంది.

నేనెవరో కూడా చెప్పాలి. ఖమ్మంలో హైస్కూల్ తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పదకొండేళ్లుగా మా అపార్ట్‌మెంట్‌లో నెలకి రెండు శనివారాలు సినిమా చూసి మాట్లాడుకునే ఏర్పాటు నడుపుతున్నాను. పదిహేను, ఇరవై మంది వస్తారు. లాక్‌డౌన్‌లో అందరూ ఎవరింట్లో వాళ్లు అదే సినిమా చూసి, ఆదివారం ఉదయం ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం. ఇంట్లో చూసిన సినిమా గురించి చెప్పడం వేరే విద్య అని నాకు తెలిసింది అప్పుడే.

హాల్లో మూడొందల మంది చూసేది ఒకే సినిమా. అదే చీకటి, అదే సౌండ్, ఇంటర్వెల్ కూడా అందరికీ ఒక్కసారే. ఇంట్లో అలా కాదు. ఒకరింట్లో కుక్కర్ విజిల్స్ మధ్య నడుస్తుంది, ఒకరింట్లో పిల్లాడు నిద్రపోయాక సౌండ్ తగ్గించి నడుస్తుంది, మరొకరు ఒకటిన్నర స్పీడులో పెట్టి చూస్తారు. అందరూ ఒకే సినిమా పేరు చెబుతారు కానీ చూసింది ఒకటి కాదు. తీరా గ్రూపులో వాదించుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

నా అనుభవమే చెబుతాను. 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరులో వచ్చింది. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే, ఎక్కువగా అక్కడివాళ్లతోనే తీసిన సినిమా. హాల్లో చూడలేకపోయాను. తర్వాత ఇంట్లో చూశాను, మూడు రాత్రులు, రోజుకి కొంత కొంతగా. మూడో రాత్రి నిద్ర ముంచుకొచ్చి, ఇంకో ఇరవై నిమిషాలుండగా ఆపేశాను. పొద్దున లేచి మా గ్రూపులో రాశాను: "నాలుగు ప్రేమకథలూ విడివిడిగా బాగున్నాయి, వాటి మధ్య సంబంధం కుదరలేదు." అరగంటలో మా గ్రూపులో ఉన్న పెద్దాయన ఫోన్ చేశారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, చాలా మెల్లగా మాట్లాడతారు. "టీచర్‌గారూ, చివరిదాకా చూశారా?" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

ఆ సినిమా చూసినవాళ్లకి ఆయన ఎందుకలా అడిగారో తెలుసు. నాలుగు కథలు పక్కపక్కన ఎందుకు పెట్టారో ఆ చివరి భాగంలోనే తెలుస్తుంది. అదేమిటో ఇక్కడ రాయను, మీరు ఇంకా చూసి ఉండకపోవచ్చు. ఆ సాయంత్రం మొదటి నుంచి మళ్లీ పెట్టుకుని, ఫోన్ పక్క గదిలో పడేసి, ఒకే విడతలో చూశాను. నేను "సంబంధం లేదు" అన్నది ఆ సినిమాకున్న ప్రాణాన్నే. గ్రూపులో ఆ మాట వెనక్కి తీసుకున్నాను. కానీ అప్పటికే నా మాట మీద నమ్మకంతో ఇద్దరు ఆ సినిమా చూడకూడదని నిర్ణయించుకున్నారు. వాళ్లకి విడిగా ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.

అప్పటి నుంచి మా దగ్గర ఒక్కటే గట్టి నియమం. చివరిదాకా చూడకపోతే ఆ విషయం మొదటి వాక్యంలోనే చెప్పాలి. "గంట చూసి ఆపేశాను, ఆపడానికి కారణం ఇది" అనడం కూడా నిజాయితీగల అభిప్రాయమే, అందులో తప్పేమీ లేదు. సగం చూసి మొత్తానికి మార్కులు వేయడమే తప్పు.

తర్వాత టీవీ సంగతి. దీన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మనం సినిమా మీద చెప్పే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి టీవీ మీద చెప్పాల్సినవి.

మా మూడో అంతస్తు మేడమ్‌గారు కొత్త పెద్ద టీవీ కొన్నాక ఏ సినిమా గురించైనా "సీరియల్ చూసినట్టుంది, చవగ్గా తీశారు" అనేవారు. మంచి కెమెరా పనితనం ఉందని అందరూ మెచ్చుకున్న సినిమాలకి కూడా అదే మాట. ఒకరోజు వాళ్లింటికెళ్లి చూస్తే ఆవిడ చెప్పింది నిజమే. మనుషులు జారుతున్నట్టు, మరీ నున్నగా కదులుతున్నారు. సినిమాని సాధారణంగా సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. కొత్త టీవీలు కదలిక నున్నగా కనిపించాలని ఆ ఫ్రేముల మధ్య తమంతట తాము కొత్త ఫ్రేములు కల్పిస్తాయి. క్రికెట్‌కి అది బాగుంటుంది, సినిమాకి మాత్రం దాని అందం పోతుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో 'మోషన్' అనే మాట ఉన్నచోట దాన్ని ఆపేయండి. కొన్ని టీవీల్లో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అని ఉంటుంది, అది పెట్టినా చాలు. ఆవిడ టీవీలో అది ఆపి, ముందు రోజు తిట్టిన సినిమానే పది నిమిషాలు వేశాం. "అయ్యో, ఇదా!" అన్నారావిడ.

సౌండ్ కూడా అంతే. "మాటలు వినపడవు, పాట రాగానే చెవులు పగిలిపోతాయి" అని ప్రతి ఇంట్లోనూ అంటారు. 5.1 సౌండ్ మిక్స్‌లో (చుట్టూ స్పీకర్లు ఉంటాయనుకుని చేసిన సౌండ్) మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. మన టీవీకి ఉన్నవి రెండు చిన్న స్పీకర్లు, అవి కూడా చాలా టీవీల్లో కిందికి చూస్తుంటాయి. ఓటీటీలో ఆడియో ఎంచుకునే చోట 5.1 కాకుండా స్టీరియో (రెండు స్పీకర్ల సౌండ్) ఉంటే అది పెట్టండి. టీవీలో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ ఉంటే అదీ వాడండి. ఇవేమీ చేయకుండా "హీరోయిన్ డైలాగ్ సరిగ్గా పలకలేదు" అని రాసేయడం ఆ అమ్మాయికి అన్యాయం.

పాత సినిమాలకి ఇంకో జాగ్రత్త. అప్పటి బొమ్మ దాదాపు చదరంగా ఉండేది. ఇప్పటి వెడల్పు టీవీలో నిండుగా కనిపించాలని కొందరు సాగదీసి పెడతారు, కొందరు జూమ్ చేస్తారు. సాగదీస్తే అందరూ లావుగా కనిపిస్తారు, జూమ్ చేస్తే తలలు తెగిపోతాయి. రెండు పక్కలా నల్లగా ఉంటే ఉండనివ్వండి.

ఇక అసలు విషయం, ఒక్క సన్నివేశం పట్టుకోవడం. 'మాయాబజార్' 1957లో వచ్చింది, దాని గురించి ఇన్నేళ్లలో చెప్పనిదేముంటుంది అనుకుంటాం. కిందటేడు మా ఇంట్లో వేసినప్పుడు ఒకావిడ "సావిత్రి అద్భుతంగా చేసింది" అన్నారు. అందరూ తలలూపారు. అక్కడితో మాట అయిపోయేది. నేను స్కూల్లో పిల్లల్ని అడిగినట్టే అడిగాను, "ఎక్కడమ్మా?" అని. ఆవిడ కాసేపు ఆలోచించి, లేచి నిలబడ్డారు. 'అహ నా పెళ్ళంట' పాటలో, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి సిగ్గుపడుతూ నడుస్తూ నడుస్తూ, మధ్యలో తాను ఆడపిల్ల వేషంలో ఉన్నానన్నది మరిచిపోయి భుజాలు విరుచుకుని ఘటోత్కచుడిలా అడుగులేస్తుంది కదా. ఆవిడ అది మా హాల్లో నాలుగడుగులు వేసి చూపించారు. "ఆ భుజాలు చూడండి, మెడ కూడా మారిపోతుంది" అన్నారు. పాట అక్కడ సుశీల గొంతులోంచి ఘంటసాల గొంతులోకి మారుతుందని ఇంకొకరు అందించారు. మళ్లీ ఆ పాట పెట్టుకుని చూశాం. పదిసార్లు చూసినవాళ్లం కూడా ఆ మెడని మొదటిసారి చూశాం.

"అద్భుతం" అన్న మాట ఎవరైనా అనగలరు. "మెడ కూడా మారిపోతుంది" అనాలంటే చూసి ఉండాలి.

అదే రోజు మా మనవరాలు, తొమ్మిదేళ్ల పిల్ల, సినిమా అయ్యాక అడిగింది: "అమ్మమ్మా, పాండవులేరీ?" నిజంగానే లేరు. అభిమన్యుడు ఉన్నాడు, ఘటోత్కచుడు ఉన్నాడు, కౌరవులంతా ఉన్నారు, మూడు గంటల సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. అంత పెద్ద సంగతి కథలో ఎంత నేర్పుగా కలిసిపోయిందో పెద్దవాళ్లం ఎవరం గమనించలేదు. టెక్నిక్ తెలియాలా అని అడిగారు కదా, ఆ పిల్లకి టెక్నిక్ తెలియదు. కనిపించనిదాని గురించి అడిగింది, అంతే.

మీరు వాడిన 'ల్యాగ్' అన్న మాట దగ్గరికి వస్తాను. ఆ మాట వాడొద్దని నేననను, నిజంగా సాగదీసిన సినిమాలు బోలెడు. కానీ ఆ మాట రాసేముందు ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఆ సమయంలో ఫోన్ ఎక్కడుంది? చేతిలో ఉంటే, నెమ్మదిగా నడిచే ఏ సన్నివేశమైనా ల్యాగ్ అనిపిస్తుంది. మనిషి మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తున్న నలభై సెకన్లలో మనం ఫోన్ చూసేసి, తలెత్తి "ఇంకా అక్కడే ఉన్నాడా" అంటాం. ఆ నలభై సెకన్లలో మొహంలో ఏం మారిందో చూడలేదు. ఫోన్ పక్కన పెట్టి చూసినా బరువుగానే అనిపిస్తే, అప్పుడు ధైర్యంగా రాయండి, ఎక్కడ అనిపించిందో కూడా రాయండి. "ఊరు వదిలి వెళ్లే నిర్ణయం తీసుకున్నాక మళ్లీ అదే గొడవ మూడుసార్లు చూపించారు" అంటే అది విమర్శ. "సెకండాఫ్ ల్యాగ్" అంటే ఎదుటివాళ్లకి తెలిసేదేమీ లేదు.

అభిప్రాయాలు ఢీకొన్నప్పుడు ఏం చేయాలి? దీనికి నాకు బాగా గుర్తున్నది 'బలగం' చూసిన రోజు. 2023 మార్చిలో వచ్చిన సినిమా, వేణు యెల్దండి దర్శకత్వం. తెలంగాణ పల్లెలో ఒక పెద్దాయన చనిపోతాడు, దినాల్లో పెట్టిన ముద్దని కాకి ముట్టదు, ఇంటివాళ్ల మధ్య పాత గొడవలన్నీ పైకొస్తాయి. ఓటీటీలోకి వచ్చాక కూడా చాలా ఊళ్లలో జనం తెర కట్టుకుని కలిసి చూశారు. మా ఖమ్మంలో తెలంగాణ, ఆంధ్ర రెండు వైపుల మనుషులూ ఉంటారు కదా, మా గ్రూపూ అంతే. అందులో బావకీ బావమరుదులకీ మధ్య ఏళ్ల తరబడి మాటల్లేకపోవడానికి మూలం భోజనాల దగ్గర నల్లి బొక్క (మూలుగ ఉండే మాంసం ఎముక) విషయంలో జరిగిన అవమానం. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన "ఒక ముక్క కోసం అన్నేళ్లు పలకరించుకోకపోవడం అతిగా ఉంది, నమ్మబుద్ధి కాలేదు" అన్నారు. తప్పుగా ఏమీ అనలేదు, ఆయనకి అనిపించింది చెప్పారు.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒకావిడ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు, వాళ్ల మేనత్త భర్త బంతిలో తనకి ఆఖర్న వడ్డించారని లేచి వెళ్లిపోయి, మళ్లీ ఆ గడప తొక్కింది మామగారు చనిపోయిన రోజేనని. "మాకాడ అల్లునికి ఏం వడ్డించిన్రన్నది కూరగురించి కాదు సార్, ఇజ్జత్ గురించి" అన్నారు. గుంటూరాయన వాదించలేదు. "మా వైపు తాంబూలాల దగ్గర ఇలాంటివే జరిగాయి, ఇప్పుడు గుర్తొస్తున్నాయి" అన్నారు. తర్వాత గంటసేపు సినిమా గురించి ఒక్క మాట లేదు, అందరూ వాళ్ల వాళ్ల ఇళ్లల్లో తెగిపోయిన చుట్టరికాల గురించే మాట్లాడుకున్నారు. మా అత్తయ్యకి ఎనభై నాలుగేళ్లు, మామూలుగా సినిమా సగంలోనే పడుకుంటుంది. ఆ రోజు అందరూ వెళ్లేదాకా కూర్చుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన "నమ్మబుద్ధి కాలేదు" అన్నారు కాబట్టి ఆవిడకి చెప్పడానికి చోటు దొరికింది. "చెత్త సీన్" అని ఉంటే ఆవిడ నోరు విప్పేవారు కాదు. అందుకే మీ బాబాయిగారి విషయంలోనూ సినిమా గురించి చెప్పండి, అది నచ్చినవాళ్ల గురించి చెప్పకండి. "ఇది ఎలా నచ్చుతుందో అర్థం కాదు" అన్న ఒక్క వాక్యం చాలు, నచ్చినవాళ్లందరికీ తగులుతుంది. ఆయన మీకు పెద్ద, ఆ హీరోని ఆయన కుర్రతనం నుంచి అభిమానిస్తూ ఉండవచ్చు. "నాకు ఫలానా చోట పట్టు తప్పింది బాబాయ్, మీకు అక్కడ ఏమనిపించింది?" అని అడిగి చూడండి. అలా అడిగితే నొచ్చుకున్నవాళ్లని నేనింతవరకు చూడలేదు.

చిన్న చిన్న సంగతులు కొన్ని. డబ్బింగ్‌లో చూస్తే ఆ మాట చెప్పండి, నటుడి గొంతు వినకుండా నటన మీద తీర్పు చెప్పకండి. మలయాళం సినిమాలు మన ఇళ్లలో ఎక్కువయ్యాక ఇది మరీ ముఖ్యమైంది. కథలో మలుపు ఉంటే గ్రూపులో పైన 'స్పాయిలర్' అని రాసి, నాలుగైదు ఖాళీ లైన్లు వదిలి కింద రాయండి. ఎవరైనా దొంగ ప్రింట్ లింక్ పెడితే మా గ్రూపులో వెంటనే తీసేస్తాం. అది చట్టవిరుద్ధం కావడం ఒకటి, మసకగా వణికే కెమెరా ప్రింట్ చూసి చెప్పే అభిప్రాయం ఆ సినిమా మీద కాకపోవడం రెండోది. ఇంకొకటి, రాత్రి సినిమా అవ్వగానే రాయకండి. పొద్దున కాఫీ దాకా ఆగండి. పొద్దుటికి ఏ సన్నివేశం గుర్తుంటే దాని గురించే రాయండి.

నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఒక్కో సినిమాకి అయిదు వరుసలు మించి రాయను. ఒకటి చూపిస్తాను: "శనివారం రాత్రి. అత్తయ్య, నేను. ఒకే విడత, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. తల్లి పాత్ర చీర కొంగులోని డబ్బు లెక్కపెట్టి మళ్లీ ముడేసే చోట అత్తయ్య 'మా అమ్మా ఇట్లనే' అంది. క్లైమాక్స్ కొట్లాట నాకు అనవసరం అనిపించింది, అత్తయ్యకి నచ్చింది." గ్రూపులో రాసేది దీన్నుంచే.

మీరు ఉదాహరణగా పెట్టిన మెసేజ్‌నే తీసుకుందాం. "మిడిల్ క్లాస్ మెలొడీస్ చూశా. డీసెంట్. ల్యాగ్ ఉంది." గుంటూరులో టిఫిన్ హోటల్ పెట్టాలని తాపత్రయపడే కుర్రాడి కథ అది, వాడి చేతి బొంబాయి చట్నీ మీద వాడికున్న నమ్మకం. 2020 నవంబరులో నేరుగా ఓటీటీలోనే వచ్చింది, అంటే మనందరం దాన్ని ఇంట్లోనే మొదటిసారి చూశాం. మిమ్మల్ని కొన్ని అడుగుతాను. ఆ తండ్రి కొండలరావు ఎప్పుడూ అరుస్తూనే ఉంటాడు కదా, ఆ అరుపు మీకు మొదట చిరాకు పుట్టించిందా? ఎక్కడైనా అది ప్రేమగా వినిపించిందా? మీ ఇంట్లో అలా అరిచే మనిషి ఎవరైనా ఉన్నారా? బెంగళూరులో ఉండి చూస్తుంటే ఆ చట్నీ దగ్గర నోరూరిందా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు రాసినా మీ గ్రూపులో కనీసం ముగ్గురు పలుకుతారు. గుంటూరు చుట్టం ఒకరుంటే చట్నీ గురించే పది మెసేజ్‌లు వస్తాయి.

వచ్చే శనివారం మేం 'సినిమా బండి' వేస్తున్నాం. ఆటో నడిపే మనిషికి కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోయే కథ. మావాళ్లలో కొందరు ఇదివరకే చూశారు. మళ్లీ చూసేటప్పుడు ఒక్క సన్నివేశం ఎంచుకుని రమ్మని చెప్పాను. మీరూ ఆ వారంలో చూసి, మీకు నిలిచిపోయిన సన్నివేశం ఇక్కడే కింద రాయండి. మావాళ్లు ఏమన్నారో నేను ఆదివారం సాయంత్రం రాస్తాను.